జొన్న నాము: ఆకులోని సైనైడ్‌ను మొక్క, పశువు, పురుగు, మనిషి ఎలా తట్టుకుంటాయి

తొలకరికి మొలిచిన జొన్న మోకాలెత్తు పెరిగేలోపు వాన మొహం చాటేస్తే, పల్లెల్లో ఒక వార్త తప్పకుండా వినిపిస్తుంది. చేలో పడ్డ గేదెలు గంట తిరక్కుండానే కూలిపోయాయని, గొర్రెల మందలో సగం పోయాయని. ఎవరో మందు పెట్టారన్న అనుమానం ముందు పుడుతుంది. పెద్దవాళ్ళు మాత్రం ‘నాము తగిలింది’ అంటారు. కోసిన మోళ్ళ నుంచి వచ్చే పిలకకూ అదే పేరు, అది మేస్తే వచ్చే చావుకూ అదే పేరు. కిందటి వారం అదే చేలో మేసిన పశువుకు ఏమీ కాలేదు, ఈ రోజు చచ్చింది. కలిసి మేసిన నాలుగింటిలో రెండే పోయాయి. ఎండిన జొన్నచొప్ప ఏడాదంతా వేసినా ఏమీ కాదు. ఈ తేడాలన్నిటికీ కారణం ఒకటే లెక్కలో ఉంది.

క్లుప్తంగా: జొన్న లేత ఆకుల్లో ధురిన్ అనే పదార్థం ఉంటుంది. ఆకు నలిగితే దాని నుంచి సైనైడ్ వెలువడుతుంది. పశువు కాలేయం గంధకం సాయంతో దాన్ని విరిచేయగలదు, అయితే ఒక వేగం మేరకే. విషం అంతకన్నా వేగంగా వస్తే నిమిషాల్లో ప్రాణం పోతుంది. మొక్క, పురుగు, మనిషి కూడా ఇదే విషాన్ని తమ తమ పద్ధతుల్లో ఎదుర్కొంటాయి. అన్నిటిలోనూ చూడాల్సింది విషం వచ్చే వేగాన్ని, విరుగుడు అందే వేగాన్ని.

ఒకే ఆకులో రెండు గదులు

జొన్న ఆకులో విడి సైనైడ్ దాదాపు ఉండదు. ఉండేది ధురిన్. టైరోసిన్ అనే అమైనో ఆమ్లం నుంచి మూడు ఎంజైమ్‌లు వరసగా పనిచేసి దీన్ని తయారుచేస్తాయి. చివరి ఎంజైమ్ దానికి ఒక చక్కెర అణువును తగిలిస్తుంది. ఆ చక్కెర అతుక్కుని ఉన్నంతసేపూ ధురిన్ నిలకడగా, నీళ్ళలో కరిగి, ఎవరికీ హాని చేయకుండా ఉంటుంది. తుపాకీ గుర్రానికి వేసిన గొళ్ళెం లాంటిది అది.

ఆ గొళ్ళెం తీసే ఎంజైమ్ కూడా ఆకులోనే ఉంటుంది, వేరే చోట. ధురిన్ ఉండేది ఆకు పైపొర కణాల్లోని నీటితిత్తుల్లో. ఎంజైమ్ ఉండేది లోపలి కండ కణాల్లోని పత్రహరిత రేణువుల్లో. ఆకు చెక్కుచెదరకుండా ఉంటే ఈ రెండూ ఎన్నడూ కలవవు. పశువు నమిలినా, కాళ్ళకింద తొక్కినా, నీళ్ళు లేక కణాలు వడిలి గోడలు చిట్లినా కలిసిపోతాయి. అప్పుడు చక్కెర ఊడిపోతుంది, మిగిలిన అణువు తనంతట తానే విరిగి హైడ్రోజన్ సైనైడ్‌ను వదిలేస్తుంది. ఈ పని నిమిషాల్లో ముగుస్తుంది.

ధురిన్ తయారీలో మొదటి రెండు మెట్లు నడిపే ఎంజైమ్‌లు సైటోక్రోమ్ పి450 కుటుంబానివి. మన కాలేయంలో మందులనూ విషాలనూ విరిచేదీ ఈ కుటుంబమే. ఒకచోట విషం వండే చెయ్యి, మరోచోట విషం విరిచే చెయ్యి.

ఏ ఆకులో ఎంత, ఎప్పుడు

మొక్క ఎంత లేతదైతే విషం అంత ఎక్కువ. ఎండిన గింజలో ధురిన్ లేనట్టే లెక్క, అందుకే జొన్నరొట్టెకు ఏ భయమూ లేదు. అదే గింజ మొలకెత్తితే రెండు మూడు రోజుల్లో కథ మారిపోతుంది. చీకట్లో పెంచిన మొలక కొసలో, ఎండు బరువులో దాదాపు 30 శాతం దాకా ధురిన్ ఉండవచ్చు. పెసల మొలకల అలవాటుతో జొన్న మొలకలను పచ్చివే తినకూడదనడానికి కారణం ఇదే.

మొక్క ఎదిగేకొద్దీ కాండం బరువు పెరుగుతుంది, విషం పలచబడుతుంది. కాండంలో కన్నా ఆకుల్లో ఎక్కువ, కింది ఆకుల్లో కన్నా పై ఆకుల్లో ఎక్కువ. సాధారణంగా పైరు సగం పూత దాటాక పచ్చిమేతగా వాడవచ్చని సిఫారసు చేస్తారు. కోత తర్వాత మోళ్ళ నుంచి వచ్చే పిలకలు మళ్ళీ మొదటికి వస్తాయి. వయసులో చేను పాతదే అయినా పిలక లేతదే.

బెట్ట దీనికి తోడవుతుంది. పెరుగుదల ఆగిపోతుంది కానీ ధురిన్ తయారీ ఆగదు, పైగా పోగుపడుతుంది. బెట్టకు ముందు యూరియా దండిగా వేసి ఉంటే ఇంకా ఎక్కువ, ఎందుకంటే ధురిన్‌కు కావలసింది నత్రజనే. బెట్ట తర్వాత వాన పడ్డ వారంలో వచ్చే పచ్చని చిగురు చూడటానికి ముచ్చటగా ఉంటుంది. మంద తోలడానికి అంతకన్నా చెడ్డ సమయం ఉండదు. చేనుకు ఒక తడి ఇచ్చి, పైరు తేరుకుని ఎదిగేదాకా ఆగడమే పద్ధతి.

అంకెల్లో చెప్పాలంటే, పచ్చిమేతలో కిలోకు 200 మిల్లీగ్రాముల హైడ్రోజన్ సైనైడ్ వెలువడే స్థాయి ఉంటే ప్రమాదకరమని లెక్కిస్తారు. ఎండు బరువు మీద అయితే 500 పీపీఎం (అంటే కిలోకు 500 మిల్లీగ్రాములు) వరకు ఫరవాలేదు, 500 నుంచి 1000 వరకు జాగ్రత్త, ఆ పైన పశువు ముందు వేయకూడదు. పశువుకు ఒక్కసారిగా అందితే ప్రాణం తీసే మోతాదు కిలో బరువుకు సుమారు 2 మిల్లీగ్రాములు. 350 కిలోల గేదెకు 700 మిల్లీగ్రాములన్నమాట. కిలోకు 200 ఉన్న మేత మూడున్నర కిలోలు తింటే అంత అందుతుంది. ఆకలితో ఉన్న గేదెకు అది కొద్ది నిమిషాల పని.

ఎండబెడితే పోతుందా అన్నది అందరూ అడిగే ప్రశ్న. హైడ్రోజన్ సైనైడ్ దాదాపు 26 డిగ్రీలకే మరిగి ఆవిరవుతుంది కాబట్టి మన ఎండలకు గాలిలో కలిసిపోతుంది. వెలువడిన సైనైడ్ సంగతి అది. నలగకుండా ఎండిన ఆకులో విడిపోని ధురిన్ కొంత మిగిలిపోవచ్చు, అది పశువు పొట్టలో విడిపోతుంది. అందుకే ముక్కలు కొట్టి, పలచగా పరిచి ఎండబెట్టిన మేతలో విషం బాగా తగ్గుతుంది. ఉదయం కోసి మధ్యాహ్నానికి వడిలిన మోపును నేరుగా వేస్తే ఆ లాభం రాదు. వడిలీ వడలని దశలో కణాలు చిట్లి విషం విడుదలవుతూ ఉంటుంది కనుక అది పచ్చిదానికన్నా అపాయం కావచ్చు. పాతర వేసి మాగబెట్టిన గడ్డిలోనూ విషం తగ్గుతుంది, పాతర తెరిచాక కొంతసేపు గాలికి ఆరనివ్వాలి.

పచ్చిమేత తప్పనిసరైన చోట సజ్జ మంచి ప్రత్యామ్నాయం. దానిలో ధురిన్ లేదు. సూడాన్ గడ్డిలో జొన్నకన్నా తక్కువ, ఆ రెంటి సంకర రకాల్లో మధ్యస్థం. గట్ల మీద తనంతట మొలిచే జాన్సన్ గడ్డి జొన్నకు దాయాదే, దాన్నీ అదే కంటితో చూడాలి.

తన విషానికి తాను చావని మొక్క

ఆకు నలిగినప్పుడు వెలువడే సైనైడ్ పక్క కణాలను కూడా చంపాలి కదా. మొక్కకు రెండు అడ్డుగోడలున్నాయి. మొదటిది ఒక ఎంజైమ్. అది సైనైడ్‌ను సిస్టీన్ అనే గంధకం ఉన్న అమైనో ఆమ్లంతో కలిపి బీటా సయనోఅలనిన్‌గా మారుస్తుంది. అది మరో మెట్టులో ఆస్పరజిన్ అవుతుంది. అంటే విషంలోని నత్రజని వృథా పోకుండా తిరిగి మాంసకృత్తుల తయారీలోకి వస్తుంది. రెండోది శ్వాసలో అడ్డదారి. కణంలో శ్వాస నడిచే చోటు మైటోకాండ్రియా. అక్కడ ఆక్సిజన్‌ను వాడే ముఖ్యమైన ఎంజైమ్‌ను సైనైడ్ పట్టేస్తుంది. సైనైడ్ పట్టుకోలేని మరొక ఆక్సిడేజ్ ఎంజైమ్ మొక్కల మైటోకాండ్రియాలో ఉంటుంది. ముఖ్యద్వారం మూసుకుపోయినా శ్వాస కొంత నడుస్తుంది. జంతువుల్లో మనకు తెలిసిన క్షీరదాలకు ఈ వసతి లేదు.

ఈ రక్షణ జొన్నకే పరిమితం కాదు. పండ్లను మాగబెట్టే ఇథిలిన్ వాయువు ప్రతి మొక్కలోనూ తయారవుతుంది. ఒక ఇథిలిన్ అణువు పుట్టినప్పుడల్లా పక్కనే ఒక సైనైడ్ అణువు పుడుతుంది. మామిడికాయ గడ్డిలో మాగుతున్నంతసేపూ లోపల ఈ విరుగుడు పని సాగుతూనే ఉంటుంది. పరిమాణం అత్యల్పం, విరుగుడు చురుకు, కాబట్టి తినేవాళ్ళకు ఏమీ కాదు.

పశువు పొట్టే మొదటి లోపం

గుర్రం, పంది జొన్న తిన్నా అంత తేలిగ్గా చావవు. వాటి పొట్టలోని ఆమ్లం ధురిన్‌ను విడగొట్టే ఎంజైమ్‌ను పాడుచేస్తుంది. నెమరువేసే పశువుకు ముందుగా ఎదురయ్యేది రూమెన్ అనే పెద్ద పొట్ట. అందులో ఆమ్లం తక్కువ, తేమ, వెచ్చదనం ఎక్కువ, ధురిన్‌ను విడగొట్టగల సూక్ష్మజీవులు కోకొల్లలు. ఆకులోని ఎంజైమ్ చేయకుండా వదిలేసిన పని అవి పూర్తిచేస్తాయి. ఎండుగడ్డి మీద బతకడానికి పనికొచ్చిన ఏర్పాటే ఇక్కడ శత్రువుకు తలుపు తీస్తుంది.

రక్తంలోకి చేరిన సైనైడ్, కణాల్లో ఆక్సిజన్‌ను వాడే సైటోక్రోమ్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్‌లో ఉండే ఇనుమును పట్టుకుంటుంది. ఊపిరి ఆడుతూనే ఉంటుంది, రక్తంలో ఆక్సిజన్ నిండుగా ఉంటుంది, కణం దాన్ని వాడుకోలేదు. వాడని ఆక్సిజన్‌తో తిరిగొచ్చే సిరల రక్తం అందుకే ఎర్రగా మెరుస్తుంది. చొంగ, వేగమైన ఎగశ్వాస, వణుకు, తూలడం, పడిపోవడం వరసగా వస్తాయి. తీవ్రమైతే పదిహేను ఇరవై నిమిషాల్లో ముగుస్తుంది. రెండు గంటలు బతికి ఉన్న పశువు తరచుగా కోలుకుంటుంది.

అది కోలుకోవడానికి కారణం రోడనీజ్. 1933లో కొన్‌రాడ్ లాంగ్ గుర్తించిన ఈ ఎంజైమ్ కాలేయ కణాల మైటోకాండ్రియాలో పుష్కలంగా ఉంటుంది. థయోసల్ఫేట్ అనే గంధకపు లవణం నుంచి ఒక గంధకం పరమాణువును తీసి సైనైడ్‌కు అతికిస్తుంది. అలా తయారైన థయోసయనేట్ చాలా తక్కువ విషం, మూత్రంలో పోతుంది. ఎంజైమ్‌కు కొరత లేదు, కొరత గంధకానికి. ఒక గ్రాము సైనైడ్ విరగాలంటే సుమారు 1.2 గ్రాముల గంధకం కావాలి. ఒంట్లో సిద్ధంగా ఉండే నిల్వ ఆ కాస్తే, అది అయిపోయాక కొత్తది తయారయ్యే వేగమే హద్దు.

వేగం అంటే ఏమిటో మనిషి ఒంటి లెక్కతో తేలిగ్గా తెలుస్తుంది. మన శరీరం కిలో బరువుకు నిమిషానికి సుమారు ఒక మైక్రోగ్రాము సైనైడ్‌ను విరచగలదని అంచనా. 60 కిలోల మనిషికి గంటకు 3.6 మిల్లీగ్రాములు, రోజుకు 86. నోటిద్వారా ప్రాణాంతక మోతాదు కిలోకు 0.5 నుంచి 3.5 మిల్లీగ్రాములని చెబుతారు, అంటే అదే మనిషికి 30 నుంచి 210. రోజంతా కొద్దికొద్దిగా వస్తే ఒళ్ళు సంబాళించుకోగల మొత్తం, ఒక్క గుక్కలో వస్తే చంపగలదు.

నాలుగు పశువుల్లో రెండే ఎందుకు పోయాయన్నదానికి జవాబు ఇక్కడ దొరుకుతుంది. ఆకలిగా ఉన్నవి గబగబా మేశాయి, బలమైనవి లేత పిలకలను ముందుగా ఎంచుకున్నాయి. కడుపులో ఎండుమేత ఉన్నది నెమ్మదిగా తిన్నది. చేలోకి తోలేముందు ఎండుగడ్డి వేయడం అనే పాత అలవాటుకు శాస్త్రబలం ఉంది. గంధకం కలిపిన ఉప్పు దిమ్మలు నాకించడం వల్ల కూడా జొన్న మేసే గొర్రెల్లో ఇబ్బంది తగ్గుతుంది.

విరుగుడు మందు, దానిలోని ఉచ్చు

చికిత్స శరీరం చేసే పనినే వేగిరపరుస్తుంది. పాతకాలం ఫొటో స్టూడియోల్లో హైపో అని పిలిచిన సోడియం థయోసల్ఫేట్‌ను నరానికి ఎక్కిస్తారు. రసాయన లెక్క ప్రకారం 700 మిల్లీగ్రాముల సైనైడ్‌కు ఆరేడు గ్రాముల హైపో చాలాలి. పశువైద్యంలో ఇచ్చేది కిలో బరువుకు 500 మిల్లీగ్రాములు లేదా ఆపైన. 350 కిలోల గేదెకు 175 గ్రాములు, 20 శాతం ద్రావణంగా అయితే 875 మిల్లీలీటర్లు. థయోసల్ఫేట్ కణపొరలను దాటి మైటోకాండ్రియాను చేరడంలో బద్ధకస్తురాలు. మూత్రపిండాలు దాన్ని త్వరగా బయటికి పంపేస్తాయి. ఈలోపు రూమెన్ నుంచి విషం ఊరుతూనే ఉంటుంది. చిన్న సూదితో సరిపెడితే పశువు లేచి నిలబడి మళ్ళీ పడిపోవడం అందువల్లే. పొట్టలోని విషం కోసం 30 గ్రాముల హైపోను నీళ్ళలో కలిపి గంటకొకసారి తాగించడమూ ఉంది.

దీనికి ముందు సోడియం నైట్రైట్ ఇవ్వడం మరో పద్ధతి. కిలోకు 10 నుంచి 20 మిల్లీగ్రాములు. అది రక్తంలోని హిమోగ్లోబిన్‌లో కొంతభాగాన్ని ఆక్సిజన్‌ను మోయలేని మెథిమోగ్లోబిన్‌గా మారుస్తుంది. ఆ రూపంలో ఉన్న ఇనుమంటే సైనైడ్‌కు మక్కువ ఎక్కువ. కణాలను వదిలి అటు వస్తుంది. ఒక విషాన్ని రాబట్టడానికి మరో చిన్న విషాన్ని ఎర వేయడమే ఇది.

ఉచ్చు ఉన్నదీ ఇక్కడే. బెట్టకు వచ్చిన, యూరియా తిన్న జొన్నలో నైట్రేట్ కూడా పోగుపడుతుంది. నైట్రేట్ విషంతో పడిపోయిన పశువు బయటికి దాదాపు ఇలాగే కనిపిస్తుంది. దాని రక్తంలో మెథిమోగ్లోబిన్ అప్పటికే మితిమీరి ఉంటుంది. నైట్రైట్ ఇస్తే చావును దగ్గర చేసినట్టే. తేడా రక్తం రంగులో ఉంది. సైనైడ్ అయితే చెర్రీ ఎరుపు, నైట్రేట్ అయితే చాక్లెట్ గోధుమ. నైట్రేట్‌కు వాడేది మిథిలీన్ బ్లూ. ఏదో తేలనప్పుడు హైపో ఒక్కటే ఇవ్వడం క్షేమం. ఈ మందులు నరానికి ఎక్కించాల్సినవి, మోతాదు వైద్యులే నిర్ణయించాలి. రెండు తెలుగు రాష్ట్రాల్లో సంచార పశువైద్య వాహనానికి 1962 నంబరు ఉంది. వాహనం వచ్చేలోపు చేయగలిగిన ముఖ్యమైన పని మిగతా పశువులను చేలోంచి తోలేయడం. పడ్డదాన్ని బలవంతంగా నడిపిస్తే కణాలకు ఆక్సిజన్ అవసరం పెరిగి ఇంకా వేగంగా పోతుంది.

మేతను పరీక్షించే పద్ధతి పాతదే, చవకైనదే. నలిపిన ఆకును గాజు గొట్టంలో వేసి, రెండు చుక్కల క్లోరోఫాం కలిపి, సోడియం పిక్రేట్‌లో తడిపిన పసుపు కాగితాన్ని ఆకుకు తగలకుండా వేలాడదీసి మూత బిగిస్తారు. కాగితం ఇటుక రంగుకు తిరిగితే సైనైడ్ ఉన్నట్టు. ఎంత త్వరగా తిరిగితే అంత ఎక్కువ. నమూనాను తెరిచిన సంచిలో ఎండన తీసుకెళ్తే వాయువు దారిలోనే పోయి ఫలితం తప్పుగా మంచిదని వస్తుంది. గట్టిగా కట్టి, మంచులో పెట్టి పంపాలి.

పురుగులు పన్నిన ఎత్తులు

లేత జొన్నకు ఇంత విషం ఎందుకన్నదానికి జవాబు పురుగులే. అయినా మొవ్వు ఈగ దాడి చేసేది మొలిచిన మొదటి నాలుగు వారాల్లోనే, సరిగ్గా విషం ఎక్కువగా ఉండే రోజుల్లో. రక్షణ అనేది శత్రువుల సంఖ్య తగ్గిస్తుందే కానీ సున్నా చేయదు.

వందల రకాల మొక్కల మీద బతికే ఎర్రనల్లి కథ మరీ విచిత్రం. మొక్కల్లో ఉన్నట్టే దానిలోనూ సైనైడ్‌ను బీటా సయనోఅలనిన్‌గా మార్చే ఎంజైమ్ ఉంది. ఆ జన్యువు దానికి తాతముత్తాతల నుంచి రాలేదు, ఎప్పుడో ఒక బ్యాక్టీరియా నుంచి చేరింది. 2014లో ఈ సంగతి బయటపడింది. సీతాకోకచిలుకల వర్గంలోనూ అదే జన్యువు కనిపిస్తుంది. ఆ వర్గానిదే అయిన ఐరోపాలోని బర్నెట్ అనే రెక్కల పురుగు ఇంకో అడుగు ముందుకేసింది. సైనైడ్ మొక్కలను తిని అందులోని పదార్థాన్ని ఒంట్లో దాచుకుంటుంది, చాలకపోతే తానే తయారుచేసుకుంటుంది. దానికి వాడే ఎంజైమ్‌లు మొక్కల్లోలాగే పి450 కుటుంబానివి, పుట్టుక మాత్రం వేరు. పక్షులు సాధారణంగా దాన్ని ముట్టవు.

మనిషి: కాలేయానికి ముందు వంటిల్లు

కర్రపెండలంలోనూ ఇదే ఏర్పాటు. ధురిన్ బదులు లినమరిన్, గొళ్ళెం తీసే ఎంజైమ్ వేరే చోట. మనుషులు కనిపెట్టిన శుద్ధి పద్ధతులన్నీ ఆ రెంటినీ నోటికి రాకముందే కలిపి, సైనైడ్‌ను గాలికో నీళ్ళకో వదిలేసేవే. తూర్పు గోదావరి ప్రాంతపు సగ్గుబియ్యం మిల్లుల్లో దుంప తోలు తీసి, రుబ్బి, కడిగి, పిండి తేర్చి, వేయిస్తారు. రుబ్బడంలో ఎంజైమ్ కలుస్తుంది, కడగడంలో లినమరిన్ కరిగిపోతుంది, వేడికి మిగిలింది ఎగిరిపోతుంది. కేరళ ఇళ్ళలో ఉడికించిన నీళ్ళు పారబోయడమూ అందుకే.

ఆఫ్రికాలో చేదు రకాలనే ఎక్కువగా పండించే చోట, కరువు వస్తే జనం మూడు నాలుగు రోజుల నానబెట్టే పనిని కుదించేస్తారు. 1938లో బెల్జియన్ కాంగోలో ట్రోలి అనే వైద్యుడు వర్ణించిన కోంజో అనే జబ్బు అలా వచ్చేదే. కాళ్ళు బిగుసుకుపోతాయి, మళ్ళీ పూర్వస్థితికి రావు. 1981లో మొజాంబిక్‌లోని నంపులా ప్రాంతంలో వెయ్యికి పైగా కేసులు వచ్చాయి. బాధితుల తిండిలో పప్పు, చేప, మాంసం లాంటివి దాదాపు లేవు, అంటే గంధకం ఉన్న అమైనో ఆమ్లాలు లేవు. పశువు కాలేయంలో కనిపించిన కొరతే ఇక్కడా. విరుగుడుకూ ఒక ధర ఉంది. థయోసయనేట్ థైరాయిడ్ గ్రంథికి అయోడిన్ అందకుండా అడ్డుపడుతుంది, అయోడిన్ తక్కువైన ప్రాంతాల్లో గొంతువాపు పెరుగుతుంది.

పిండి దశలో విషం తీసేందుకు హోవార్డ్ బ్రాడ్‌బరీ అనే శాస్త్రవేత్త ఆస్ట్రేలియాలో రూపొందించిన పద్ధతి చెప్పుకోదగ్గది. పిండిని తడిపి, సెంటీమీటరుకు మించని మందంలో పరిచి, నీడలో 5 గంటలు లేదా ఎండలో 2 గంటలు ఉంచాలి. పిండిలో మిగిలి ఉన్న ఎంజైమే పని పూర్తిచేస్తుంది, వాయువు పోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సురక్షితమన్న హద్దు కిలో పిండికి 10 మిల్లీగ్రాములు.

విషం లేని జొన్న సాధ్యమా

సాధ్యమే, చేశారు కూడా. ధురిన్ తయారీలో మొదటి ఎంజైమ్ చెడిపోయిన జొన్న మొక్కలను ఆస్ట్రేలియా పరిశోధకులు 2012లో ప్రకటించారు. వాటిలో సైనైడ్ బొత్తిగా లేదు, కాకపోతే లేత వయసులో పెరుగుదల కాస్త మందగించింది. అదే పనిలో మరో రకం దొరికింది. మొలక దశలో మామూలు జొన్నలాగే విషంతో ఉంటుంది, ఎదిగాక ఆకుల్లో విషం ఉండదు. పురుగులు మీద పడే వయసులో కవచం, మేతకు కోసే వయసులో భద్రత. పెంపకందారుకు ఆకర్షణీయమైనది ఈ రెండోదే, కానీ దాని మొలక చేలోకి మంద పడితే ఫలితం మామూలు జొన్న చేలో పడినట్టే ఉంటుంది.